పెట్టెలో వస్తువు వుంది, దాని కథ ఏదీ?

"పాత ఇత్తడి, రాగి, కంచు సామాన్లు కొంటాం! పాత జరీ చీరలు కొంటాం!" అనే కేక మీ వీధిలో ఎప్పుడో ఒకప్పుడు వినే వుంటారు. ఇప్పుడు ఆ కేకని రికార్డు చేసి, ఆటోకి మైకు కట్టుకుని మరీ తిరుగుతున్నారు. ఆ మనిషిని తప్పు పట్టడానికేం లేదు, అతని వ్యాపారం అతనిది. గంగాళాన్ని కాటా మీద పెట్టి ఎన్ని కిలోలో చూస్తాడు. చీర అంచు గీకి జరీలో వెండి ఎంత వుందో అంచనా కడతాడు. పట్టుని కాల్చేస్తే వెండి మిగులుతుంది, అతనికి కావలసింది అదే. ఆ గంగాళం మీ నాయనమ్మకి పుట్టింటివాళ్ళు సారెలో పెట్టిందనీ, ఆ చీర కట్టుకునే ఆవిడ పీటల మీద కూర్చుందనీ అతనికెలా తెలుస్తుంది?

అతనికి తెలియకపోతే పోనివ్వండి. మనకి తెలుసా? ఈ వారం ఆ సంగతే మాట్లాడుకుందాం.

ఒక వస్తువు తరాలు దాటేటప్పుడు ఏం జరుగుతుందో చూడండి. కొనుక్కున్నావిడకి దాని గురించి అంతా తెలుసు. ఏ వూళ్ళో కొన్నారు, ఆ డబ్బు ఎలా కూడబెట్టారు, ఎప్పుడు తాకట్టు పెట్టారు, ఎలా విడిపించారు, అన్నీ తెలుసు. ఆవిడ కూతురికి సగం తెలుసు. మనవరాలికి "ఇది అమ్మమ్మది" అన్నంతవరకే తెలుసు. మునిమనవరాలికి అదొక పాత గిన్నె. చిన్న ఫ్లాటులో అటక కూడా లేని పిల్ల, పాత గిన్నెని ఎందుకు దాచుకుంటుంది చెప్పండి? వేసేస్తుంది. ఆ పిల్లనీ అనడానికి లేదు. ఆ గిన్నె గురించి ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదు కదా.

అందుకే చిలుము పట్టకుండా, పురుగు కొట్టకుండా చూసుకోవడం ఒక పనైతే, వస్తువు వెనకాల వున్న మాట చెరిగిపోకుండా చూసుకోవడం అంతకంటే పెద్ద పని. దీనికి పైసా ఖర్చు లేదు. కానీ గడువుంది. మీ ఇంట్లో పెద్దావిడ జ్ఞాపకం చురుగ్గా వున్నంతవరకే ఆ గడువు.

ముత్తవ్వ పేరు ఎక్కడుంది?

ఒక చిన్న ప్రశ్న. మీ అమ్మమ్మ వాళ్ళ అమ్మ పేరేమిటి? వెంటనే చెప్పగలిగితే మీరు అదృష్టవంతులే. చాలామందిమి తెల్లమొహం వేస్తాం. తాతల పేర్లు, ముత్తాతల పేర్లు పొలం దస్తావేజుల్లో దొరుకుతాయి, తర్పణాలప్పుడు తలుచుకుంటారు. ఆడవాళ్ళ పేర్లు అంత తేలిగ్గా దొరకవు. కానీ ఒక చోట వుంటాయి. మీ ఇంట్లో పాత ఇత్తడి బిందె, కంచు గిన్నె, రాగి చెంబు తీసి అంచు కింద చూడండి. చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి వుంటుంది. పెళ్ళి తేదీ వుండచ్చు, ఇచ్చినవారి పేరు వుండచ్చు, ఉత్త పొడి అక్షరాలే వుండచ్చు. కొన్ని ఇళ్ళల్లో ఒక ఆడమనిషి పేరు రాతలో మిగిలిన చోటు అదొక్కటే. ఆ చెంబు కాటాకెక్కితే ఆ పేరూ కరిగిపోయినట్టే.

అక్షరాలు అరిగిపోయి కనబడకపోతే కొంచెం బియ్యప్పిండి తీసుకుని పొడిగుడ్డతో అక్కడ రుద్దండి. పిండి గుంటల్లోకి దిగి అక్షరాలు తెల్లగా తేలతాయి. లేదా పల్చటి కాగితం పరిచి పైన పెన్సిలు పడుకోబెట్టి గీయండి, పేరు కాగితం మీదకొస్తుంది. ఒక జాగ్రత్త. తళతళలాడాలని ఇలాంటి గిన్నెల్ని మిషను పాలిషుకి ఇవ్వకండి. మెరుపుతో పాటు అక్షరాలూ పోతాయి.

ముందు ఏరుకోండి

అన్నీ దాచుకుంటామంటే కుదరదు, చివరికి ఏదీ దక్కదు. తిరగలి, భోషాణం, పందిరి మంచం, ఇరవై బిందెలు రెండు గదుల ఇంట్లో ఎక్కడ పడతాయి? కాబట్టి మొహమాటం లేకుండా ఏరాలి. ఏరేటప్పుడు మూడు మాటలు అడిగి చూడండి. ఇది ఎవరిదో తెలుసా? దీంతో ముడిపడ్డ సంగతి ఒక్కటైనా చెప్పగలమా? ఏడాదికి ఒక్కసారైనా వాడగలమా? మూడిట్లో రెండింటికి "ఆఁ" అనుకుంటే వుంచండి. మూడింటికీ "ఊహూఁ" అయితే, అది ఎంత పాతదైనా సరే, అవసరమున్నవాళ్ళకి ఇచ్చేయండి. పాతదైనంత మాత్రాన వారసత్వం అయిపోదు.

ఖరీదుని బట్టి మాత్రం ఏరకండి. బంగారం ఎలాగూ ఎవరూ పారేయరు. పోయేవన్నీ చిన్నవే. పోపుల పెట్టె, జంతికల గొట్టం, గంధం గిన్నె, పన్నీరు బుడ్డి, ఊరగాయ జాడీ, పాటలు రాసుకున్న నోటుపుస్తకం, పెళ్ళి శుభలేఖ, పుట్టిన కబురు మోసుకొచ్చిన టెలిగ్రామ్. టెలిగ్రామ్ సర్వీసే 2013 జూలైలో ఆగిపోయింది. ఆ కాగితం ముక్క ఇంకొకటి దొరకదు.

ఒక నోటుపుస్తకం చాలు

అట్ట గట్టిగా వున్న ఒక నోటుపుస్తకం కొనండి. ఒక్కో వస్తువుకి ఒక్కో పేజీ, ఒక్కో నెంబరు. అదే నెంబరు చిన్న గుడ్డముక్క మీద రాసి వస్తువుకి దారంతో కట్టండి. స్టిక్కరు అంటించకండి, జిగురు మరక వెండికీ పట్టుకీ కూడా చెరుపే. పేజీలో ఏం రాయాలంటారా? వస్తువు పేరు, దేంతో చేసింది, ఎవరిది, ఎవరి ద్వారా వచ్చింది, తెలిసినంతవరకు సంవత్సరం, దాంతో వచ్చిన సంగతి. మాదిరికి ఒకటి చెప్తాను.

"నెంబరు 4. రాగి మరచెంబు. అమ్మమ్మ వాళ్ళ అమ్మది. కాశీ నించి గంగనీళ్ళు దీంట్లోనే తెచ్చారట. మర కొంచెం వంకరగా వుంటుంది, దారిలో రైల్లోంచి పడిందట. తరవాత అమ్మ పురుళ్ళకి వెళ్ళినప్పుడల్లా దీంట్లోనే మంచినీళ్ళు పెట్టుకునేది."

చూశారా, నాలుగైదు వాక్యాలే. కానీ ఆ వంకర మరని ఇక ఎవరూ బాగు చేయించాలనుకోరు.

సంవత్సరం సరిగ్గా తెలియకపోతే "పెద్ద మావయ్య పుట్టకముందు" అని రాయండి. అదీ లెక్కే. మీరు ఊహించినది, పెద్దవాళ్ళు చెప్పినది కలిపేయకండి. "అమ్మ చెప్పింది" అని, "నేననుకోవడం" అని విడిగా రాయండి. ఇంకో మాట, మంచివే ఏరుకుని రాయకండి. వడ్డాణం తాకట్టు పెట్టి మావయ్యని చదివించారంటే అదీ రాయండి. ఇంటి పరువేం పోదు. ఆ చదువు ఎవరి నడుం మీంచి వచ్చిందో పిల్లలకి తెలియాలి.

పెద్దావిడని అడగడం కూడా ఒక విద్యే. "మీ చిన్నప్పటి సంగతులు చెప్పండి" అంటే "ఏముందే చెప్పడానికి" అంటారు. వస్తువు తెచ్చి ఒళ్ళో పెట్టండి. "ఇది ఎవరు కొన్నారు నాయనమ్మా?" అనండి. చేతికి తగిలితే మాట దానంతటదే వస్తుంది. అప్పుడు మధ్యలో ఆపకండి, సరిదిద్దకండి. మీ ఫోనులో మాట రికార్డు చేసుకోండి. తరవాత తీరిగ్గా పుస్తకంలోకి ఎక్కించుకోవచ్చు, గొంతు కూడా మిగులుతుంది.

సోలెడు కారం అంటే ఎంత?

మన పేజీల్లో వంటల గురించి మాట్లాడకుండా ఎలా? వారసత్వం బీరువాలోనే వుండదు, వంటింట్లోనూ వుంటుంది. ఆవకాయ ఎలా పెట్టాలని అడిగితే అత్తగారు "సోలెడు కారం, సోలెడు ఆవపిండి, ఉప్పు కొంచెం తగ్గించి" అంటారు. ఆ సోల ఏది? నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని లెక్క. కానీ ఆవిడ చేతిలో వున్న సోల ఎంత పడుతుందో ఆ సోలకే తెలుసు. అది పాతసామాన్లలో పోయిందంటే, వంట కాగితం మీద మిగిలినా కొలత పోయినట్టే. ఇంకొకరి సోలతో పెడితే ఆ రుచి రాదు, "చెయ్యి తేడా" అనుకుంటాం!

ఈసారి ఆవకాయ కాలంలో ఒక చిన్న పని చేయండి. ఆవిడ తన సోలతో కొలిచి పెట్టిన కారాన్ని, ఆవపిండిని, ఉప్పుని విడివిడిగా త్రాసు మీద తూచి గ్రాముల్లో రాసుకోండి. విడివిడిగా ఎందుకంటే, అదే సోలకి ఉప్పు ఎక్కువ తూగుతుంది, కారం తక్కువ తూగుతుంది. ముక్కలు ఎన్నో, నూనె ఎంత పోశారో, మూడో రోజున తిరగకలిపినప్పుడు మళ్ళీ ఎంత చేర్చారో అన్నీ రాయండి. ఆవిడ "చూసుకుని వేసుకోవాలి" అన్న చోట ఏం చూస్తున్నారో అడగండి. రంగా, వాసనా, చేతికి తగిలే జిగురా? అసలు కిటుకు అక్కడే వుంటుంది.

దాచే పద్ధతులు

పట్టుచీరలు: ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి, లోపల చెమ్మ నిలిచి జరీ నల్లబడుతుంది. బాగా వుతికి, గంజి పెట్టని పాత పంచె గుడ్డలో చుట్టండి. మూడు నెలలకోసారి తీసి, నీడన గాలికి ఆరబెట్టి, మడతలు మార్చి పెట్టండి. ఏళ్ళ తరబడి ఒకే మడతలో వుంటే పట్టు అక్కడే చిట్లుతుంది. బరువైన జరీ చీరని హేంగరుకి తగిలించకండి, బరువుకి సాగుతుంది. కలరా వుండలు పెడితే గుడ్డలో మూటకట్టి పై అరలో పెట్టండి, చీరకి తగలకూడదు. కలరా వుండలు, కర్పూరం ఒకే చోట పెట్టకండి, రెండూ కలిస్తే కరిగి మరక పడుతుంది.

వెండి: నల్లబడేది గాలిలో వుండే గంధకం వల్ల. రబ్బరు బ్యాండ్లలో, వున్ని గుడ్డల్లో కూడా గంధకం వుంటుంది కాబట్టి వాటితో చుట్టకండి. నల్లబడితే వెడల్పాటి పళ్ళెంలో అల్యూమినియం రేకు పరిచి, వెండి దానికి తగిలేలా పెట్టి, వంటసోడా కలిపిన వేడినీళ్ళు పోయండి. కాసేపట్లో నలుపు వదులుతుంది. కడిగి, తుడిచి, పూర్తిగా ఆరాక దాచండి. రాళ్ళు పొదిగినవీ, నగిషీలో కావాలని నలుపు వుంచినవీ ఈ పద్ధతికి పనికిరావు.

ఇత్తడి, రాగి: చింతపండుతో తోమితే మెరుస్తాయి నిజమే. కానీ పులుపు అంచుల్లో వుండిపోతే మళ్ళీ చిలుము పడుతుంది. బాగా కడిగి వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. వంటకి వాడేట్టయితే లోపల కళాయి వేయించాల్సిందే, లేకపోతే పులుసు చిలుమెక్కిపోతుంది. రాచ్చిప్పని సన్నసెగ మీదే వాడండి, వేడిగా వున్నప్పుడు చన్నీళ్ళు పోస్తే పగులుతుంది.

ముత్యాలు: సెంటు, సబ్బు, చింతపండు ముత్యాలకి పడవు. పెట్టుకుని తీశాక మెత్తటి గుడ్డతో తుడిచి విడిగా దాచండి. పాత గుట్టపూసల హారాలకి ముత్యాలు బాగానే వుంటాయి, దారమే పుచ్చిపోతుంది. అప్పుడప్పుడు తిరగ గుచ్చించాలి, మీరు ఎదురుగా కూర్చుని మరీ.

బొమ్మలు: కొలువులో పెట్టే కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కర్రవి. తడిగుడ్డతో తుడిస్తే రంగు లేచిపోతుంది. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, పాత నూలుగుడ్డల్లో చుట్టండి. న్యూస్‌పేపరు సిరా అంటుకుంటుంది.

ఫోటోలు: జిగురు పేజీ మీద ప్లాస్టిక్ కాగితం వుండే పాత ఆల్బములు ఫోటోలకి శత్రువులు. వూడి వచ్చేవాటిని తీసేయండి. రాకపోతే పీకకండి, వెనక నించి సన్నదారం మెల్లిగా జరపండి. వెనకవైపు అంచున మెత్తటి పెన్సిలుతో పేర్లు రాయండి, ఎడమ నించి కుడికి. బాల్‌పెన్ను వద్దు, ఒత్తు ముందుకి తేలుతుంది. ఫోనుతో తీసి రెండు చోట్ల దాచండి. ఒక్కచోటే వుంటే, ఆ ఫోను పోయిన రోజున అన్నీ పోతాయి.

తాళపత్రాలు: ఎండలో పెట్టకండి, కొత్తగా నూనెలూ అవీ మీరే పూయకండి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన సంస్థలాంటి చోట్ల చూపించి సలహా తీసుకోండి. అందులో ఏముందో చదివి చెప్పించుకుంటే మరీ మంచిది.

ఎవరికి? ఎప్పుడు?

ఇక చేదుమాట. ఇళ్ళల్లో వస్తువులు పాడయ్యేది పురుగు వల్ల కంటే పంపకాల వల్లే ఎక్కువ అనిపిస్తుంది నాకు. నాకు తెలిసిన ఒక ఇంట్లో పెద్దావిడ కాసుల పేరు ఎవరికో చెప్పకుండానే వెళ్ళిపోయారు. పదమూడో రోజు కాకుండానే మాట వచ్చింది. ముగ్గురు పిల్లలూ చదువుకున్నవాళ్ళే, కొట్టుకోలేదు. కాసులు లెక్కపెట్టి, దారం తెంపి, మూడు వాటాలు వేసుకున్నారు. ఒకరు గాజుల్లో కలిపారు, ఒకరు అమ్మేశారు, ఒకరి దగ్గర చిన్న డబ్బాలో వున్నాయి. లెక్క ప్రకారం ఎవరికీ అన్యాయం జరగలేదు. కాసుల పేరు మాత్రం ఇప్పుడు ఎవరింట్లోనూ లేదు.

ఆవిడ ఒక్క మాట చెప్పి వుంటే సరిపోయేది. "ఇది పెద్దదానికి, దాని బదులు రవ్వల దుద్దులు రెండోదానికి, కోడలికి వెండి కంచాలు" అని అందరి ఎదుటా చెప్పి వుంటే చాలు. లేదా నగ ఒకరి దగ్గర వుంచి, ఏ ఇంట్లో పెళ్ళయితే ఆ పెళ్ళికూతురు పెట్టుకునేలా కట్టుబాటు చేయచ్చు. ముక్కలు చేయలేని వస్తువుని ఒకరికిచ్చి, మిగతావాళ్ళకి దాని విలువ సర్దడమూ ఒక పద్ధతే. పంచేటప్పుడు, చివరి రోజుల్లో మంచం దగ్గర వున్న కోడలిని మర్చిపోకండి. చట్టం ఆమెకి వాటా ఇవ్వకపోవచ్చు, మీ నోట్లో మాట ఇవ్వచ్చు.

మీ వస్తువు మీ ఇష్టం. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ప్రకారం స్త్రీధనంతో సహా ఆమె ఆస్తి మీద పూర్తి హక్కు ఆమెదే. భర్తని, కొడుకుని అడిగి ఇవ్వనక్కర్లేదు. నగలు, గిన్నెలు లాంటివి చేతికిచ్చి అప్పగిస్తే దానం చెల్లుతుంది. తరవాత ఇవ్వాలనుకుంటే వీలునామా రాయండి. దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు, మీ సంతకం, మీ ఎదుట సంతకం చేసే ఇద్దరు సాక్షులు కావాలి. వస్తువు అందుకోబోయేవాళ్ళని సాక్షులుగా పెట్టకండి. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిదే. ఇతర మతాలవారికి వేరే నియమాలున్నాయి, వకీలుని అడగండి.

ముందుగా ఇవ్వండి అన్నాను గదా అని వున్నదంతా వూడ్చి ఇచ్చేయకండి. బంగారం ఆడదానికి ముసలితనంలో ఆసరా. ఎవరికి ఏది అన్నది ఇప్పుడే చెప్పండి, ఇవ్వడం మాత్రం మీకు ధైర్యంగా వున్నంతవరకే ఇవ్వండి. "అమ్మా, నువ్వెలాగూ పెట్టుకోవు కదా" అని ఎవరైనా తొందరపెడితే "చూద్దాం" అనడానికి సిగ్గుపడకండి.

పిల్లలు విదేశాల్లో వున్నవాళ్ళకి ఒక హెచ్చరిక. దేవుడి గదిలో పాత పంచలోహ విగ్రహాన్ని అమ్మాయి సూట్‌కేసులో పెట్టి అమెరికా పంపేయకండి. 1972 పురాతన వస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన విగ్రహాలు, కళావస్తువులు దేశం దాటించకూడదు. విలువైన తాళపత్రాలకి, వ్రాతప్రతులకి ఆ గడువు 75 ఏళ్ళే. పాత విగ్రహాలని పురావస్తు శాఖ దగ్గర నమోదు కూడా చేయించాలి. వస్తువు వయసు మీద అనుమానం వుంటే ముందుగా ఆ శాఖవారిని అడగండి. విమానాశ్రయంలో అడిగించుకోవడం కంటే అది నయం. విగ్రహం ఇక్కడే వుండనిచ్చి, నోటుపుస్తకంలో దాని పేజీ ఫోటో తీసి అమ్మాయికి పంపండి.

బీరువాలోనే మగ్గనివ్వకండి

దాచిన వస్తువుని ఏడాదికి ఒక్కసారైనా వాడండి. వరలక్ష్మీ వ్రతానికి ఆ గంధం గిన్నె తీయండి. సంక్రాంతికి ఆ ఇత్తడి గిన్నెలో పరమాన్నం వండండి. మనవరాలి ఓణీల వేడుకకి అమ్మమ్మ చీర కట్టించండి. చిన్న గీత పడినా, చిన్న మరక పడినా ఫరవాలేదు, అది కూడా పుస్తకంలో రాయచ్చు. పిల్లల చేతికి తగలని వస్తువు మీద పిల్లలకి మమకారం ఎక్కడి నించి వస్తుంది?

ఇదంతా ఒక్కరోజులో అయ్యే పని కాదని నాకూ తెలుసు. ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్క వస్తువు తీయండి, ఒక్కటంటే ఒక్కటే. మీ అమ్మగారి ఒళ్ళోనో, అత్తగారి ఒళ్ళోనో పెట్టి "ఇది ఎవరిది?" అని అడగండి. పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. పుస్తకంలో ఒకటో నెంబరు పేజీ ఆవిడ చెప్పినట్టే రాసి, కింద ఆవిడ చేత సంతకం పెట్టించండి.